ఓబులేసు సంతకం

బేతంచెర్లలో నాపరాళ్ళు మోసే లారీల షెడ్డు ఒకదానిలో ఓబులేసు అనే తనిఖీ మేస్త్రీ ఉండేవాడు. ఇంజను చప్పుడు విని దాని రోగం చెప్పగలిగిన ఆ మనిషికి, ఎదుటివాళ్ళకు 'కాదు' అని చెప్పడం మాత్రం చేతనయ్యేది కాదు.

ఆ షెడ్డు నాగరత్నమ్మది. ఆమెకు ఇరవై రెండు లారీలు ఉండేవి. గనుల్లో తీసి నున్నగా కోసిన నాపరాళ్ళను అవి మార్కాపురం, ఒంగోలు, విజయవాడ దాకా మోసుకుపోయేవి. నాగరత్నమ్మకు మాట తక్కువ, పట్టింపు ఎక్కువ. "రాళ్ళు ఒక రోజు ఆలస్యంగా చేరినా పరవాలేదు. మనుషులు మాత్రం చేరాల్సిందే" అనేది. అందుకే ప్రతి లారీకీ ఒక తనిఖీ కాగితం పెట్టింది. బ్రేకులు, టైర్లు, లైట్లు, లోడు బరువు, బండి పత్రాలు, డ్రైవరు ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఆరు నెలలకోసారి చేయించుకోవలసిన కంటి పరీక్ష చేయించుకున్నాడా లేదా, ఇవన్నీ అందులో ఉండేవి. ఒక్కొక్కటీ చూసి, కింద ఓబులేసు సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే గేటు తెరవకూడదని వాచ్‌మన్‌కు గట్టి ఉత్తర్వు.

మొదటి ఏడాది ఓబులేసు పని చక్కగానే చేశాడు. లారీ కింద దూరి, బ్రేకు గొట్టాలు తడిమి, చక్రాల నట్లు ఒక్కొక్కటీ బిగించి చూసేవాడు. తర్వాత తర్వాత డ్రైవర్లకు అతని మెత్తదనం తెలిసిపోయింది.

"అన్నా, మరదలి పెళ్ళి. సాయంత్రానికి మార్కాపురంలో లేకుంటే మా ఆమె నన్ను గడప తొక్కనివ్వదు" అన్నాడు ఒకనాడు గిడ్డయ్య అనే డ్రైవరు.

"ముందు టైరు అరిగిపోయింది కదప్పా."

"ఈ ఒక్క ట్రిప్పే అన్నా. తిరిగొచ్చినాక నువ్వేం చెప్తే అది చేస్తా."

ఓబులేసు నవ్వేశాడు. టైరును కాలితో ఒకసారి తన్ని, "జాగ్రత్తగా పో" అంటూ సంతకం పెట్టేశాడు. ఆ ఒక్క ట్రిప్పు పది ట్రిప్పులైంది. ఇంకొకడికి ఇంట్లో జ్వరం, మరొకడికి తిరునాళ్ళ. ఎవరినీ నొప్పించలేక, చివరికి ఓబులేసు సోమవారం పొద్దున్నే వారానికి సరిపడా ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి ఉంచడం మొదలుపెట్టాడు. డ్రైవర్లకు అతనంటే ప్రాణం. ఎక్కడికి వెళ్ళినా అతని కోసం ఏదో ఒకటి తెచ్చేవాళ్ళు. మధ్యాహ్నం క్యారియర్లు విప్పితే, అందరి కూరలూ అతని పళ్ళెంలోనే పడేవి. "ఓబులేసన్న ఉన్నంతకాలం మనకేం భయం లేదు" అని వాళ్ళు అంటుంటే అతని మనసు పొంగిపోయేది.

ఆ షెడ్డులో అందరికన్నా పెద్ద డ్రైవరు హుస్సేనయ్య. అరవై దాటినా నడుం వంగని మనిషి. ముప్పై ఏళ్ళుగా నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నల్లమల ఘాటు రోడ్డు మీద లారీ నడుపుతున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన బండికి ఒక్క గీత పడలేదు. ఓబులేసుకు ఆయనంటే భయమూ భక్తీ రెండూ ఉండేవి. చాలా ఏళ్ళ కిందట ఒకసారి జాకీ జారి లారీ ఓబులేసు కాలి మీద పడింది. అప్పుడు హుస్సేనయ్యే అతన్ని బయటికి లాగి, భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. కాలు బాగయ్యేదాకా రెండు నెలలు తన ఇంటి నుంచే అన్నం మోసుకొచ్చాడు. సొంత అన్న కూడా అంత చేయడని ఓబులేసు అందరితో చెప్పేవాడు.

అలాంటి హుస్సేనయ్య చూపులో తేడా వచ్చిందని ఓబులేసే ముందు కనిపెట్టాడు. ఒకరోజు టీ పోస్తుంటే సగం గ్లాసులో, సగం బల్ల మీద పడింది. ఇంకోరోజు గేటు దగ్గర వాచ్‌మన్‌ను చూసి, "ఏమప్పా ఓబులేసూ" అని పలకరించాడు. ఎండలో నిలబడ్డప్పుడు ఆయన కంటిపాపలో పల్చటి తెల్లటి పొర కనిపించింది. షెడ్డుకు కంటి వైద్యులు వచ్చిన రెండుసార్లూ హుస్సేనయ్య ఏదో పని చెప్పి తప్పించుకున్నాడు.

"కంటి పరీక్ష గడి ఖాళీగా ఉందన్నా" అన్నాడు ఓబులేసు నసుగుతూ.

"నా కళ్ళకేమైందప్పా? ఆ ఘాటు మీద ఏ మలుపు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్తా. రాసుకో, బాగుందని."

'నీ చూపు తగ్గింది' అని చెబితే పెద్దాయన ఎంత నొచ్చుకుంటాడో అనుకున్నాడు ఓబులేసు. స్టీరింగు లేకుండా ఆయన ఒక్క రోజు ఉండగలడా అనుకున్నాడు. కాగితం మీద 'చూపు బాగుంది' అని రాసి సంతకం పెట్టాడు.

నెల తిరిగింది. గిద్దలూరులో రిపేరు అయిన లారీ ఒకటి ఉంది, చూసి తీసుకురమ్మని నాగరత్నమ్మ ఓబులేసుకు చెప్పింది. ఆ రోజు హుస్సేనయ్య లారీ అటే పోతోంది. "రా, ఇద్దరం కబుర్లు చెప్పుకుంటూ పోదాం" అన్నాడు హుస్సేనయ్య. తెల్లవారగానే ఇద్దరూ బయల్దేరారు. నంద్యాలలో ఆగి ఉగ్గాని, బజ్జీలు తిన్నారు. ఓబులేసుకు కారం ఎక్కువైతే, హుస్సేనయ్య తన నీళ్ళ సీసా అందించి పకపకా నవ్వాడు. ఇద్దరికీ హాయిగా ఉంది.

అడవి మొదలైంది. లారీ ఘాటు ఎక్కుతోంది. హుస్సేనయ్య మెల్లగా, తనలో తాను చెప్పుకుంటున్నట్టు అంటున్నాడు. "ఇప్పుడు కల్వర్టు వస్తుంది. ఆ తర్వాత ఎడమకు మలుపు. అది దాటితే గుంత." అన్నట్టే కల్వర్టు వచ్చింది, మలుపు వచ్చింది, గుంత వచ్చింది. మొదట ఓబులేసుకు ముచ్చటేసింది. కాసేపటికి సంగతి అర్థమైంది. హుస్సేనయ్య రోడ్డును చూడటం లేదు. రోడ్డును గుర్తుచేసుకుంటున్నాడు.

'బండి ఆపు అన్నా' అనాలని ఓబులేసుకు నాలుక చివరిదాకా వచ్చింది.

"అన్నా, కాసేపు నేను నడపనా?" అని మాత్రం అన్నాడు.

"ఎందుకప్పా? నేనేమన్నా అలిసిపోయినానా?" అన్నాడు హుస్సేనయ్య చిన్నబుచ్చుకుని.

"అబ్బే, ఊరికే అడిగినా" అని ఓబులేసు సర్దుకున్నాడు. పెద్దాయన ముఖం చిన్నబోతే చూడలేకపోయాడు. సీటు అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

లారీ దిగుడు మొదలుపెట్టింది. తూర్పున ఎక్కివస్తున్న ఎండ సూటిగా అద్దం మీద పడుతోంది. మలుపు తిరగగానే ముందు రోడ్డు పని జరుగుతోంది. నిన్నటిదాకా లేని పని అది. తారు పీపాలు వరసగా పెట్టి ఉన్నాయి. నలుగురైదుగురు కంకర పరుస్తున్నారు. వాళ్ళకు ఇవతల రోడ్డు మధ్యలో ఒకామె ఎర్రజెండా ఊపుతోంది.

లారీ వేగం తగ్గలేదు.

"అన్నా, బ్రేకు! మనుషులు!" అని ఓబులేసు అరిచాడు.

"ఎక్కడ?" అన్నాడు హుస్సేనయ్య.

హుస్సేనయ్యకు ఏమీ కనపడకపోయినా కాలు మాత్రం బ్రేకు మీద బలంగా పడింది. లారీ కీచుమంటూ జారింది. వెనుక రాళ్ళు పెళపెళమన్నాయి. రెండు తారు పీపాలు ఎగిరి లోయలోకి దొర్లాయి. ముందు చక్రం రోడ్డు దిగి మట్టిలో కూరుకుంది. లారీ ఆగింది.

ఓబులేసు తలుపు తీసి దూకాడు. ముందు టైరు కింద ఎర్రజెండా నలిగి ఉంది. జెండా పట్టుకున్న మనిషి లేదు. వంగి చక్రాల కిందకి చూసే ధైర్యం రాలేదు.

"ఓ యమ్మా!" అని పక్కనున్న కాలువలోంచి మూలుగు వినిపించింది.

ఆమె పేరు సుంకులమ్మ. ఆఖరి క్షణంలో జెండా వదిలేసి కాలువలోకి దూకింది. మడమ బెణికింది, మోచేతులు గీరుకుపోయాయి, కానీ ప్రాణంతో ఉంది. తోటివాళ్ళు ఆమెను పైకి లేపి కూర్చోబెట్టారు. హుస్సేనయ్య లారీ తలుపు పట్టుకుని కిందికి దిగి, చేతులు ముందుకు చాచుకుంటూ ఆమె వైపు నడిచాడు. ఆమె ఆయన కళ్ళలోకి చూసింది. భయమంతా కోపమై పైకి వచ్చింది.

"ఇంత ఎర్రజెండా కనపడలేదా? ఈ కళ్ళతోనే బండి తోలుతున్నావా? ఇట్లాంటి మనిషికి బండి ఇచ్చిన మహానుభావుడు ఎవరు? వాడికి బిడ్డలు లేరా?"

"తప్పు నాదే తల్లీ" అని హుస్సేనయ్య చేతులు జోడించాడు.

ఓబులేసు ముందుకు వచ్చాడు. "కాదమ్మా. బండి బయటికి పోవచ్చని సంతకం పెట్టింది నేను. ఈయనకు చూపు తగ్గిందని నాకు తెలుసు. తెలిసే పెట్టినా."

హుస్సేనయ్య చటుక్కున అతని వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసన్నా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీ మనసు నొచ్చుకుంటుందని."

హుస్సేనయ్య సుంకులమ్మ వైపు చెయ్యి చూపాడు. "ఈ తల్లి ఆ చక్రం కింద పడి ఉంటే, నా మనసు బాగుండేదా ఓబులేసూ? ఇంకెన్నాళ్ళు బతికినా నేను బతికినట్టేనా? నేను మొండివాణ్ణి. నాకు చెప్పుకోవడానికి సిగ్గు. నువ్వు నన్ను ఆపి ఉంటే నాలుగు రోజులు తిట్టి ఊరుకునేవాణ్ణి కదప్పా."

ఓబులేసు తల వంచుకున్నాడు. కాలు విరిగినప్పుడు కూడా ఏడవని మనిషి ఆ రోడ్డు మీద అందరి ముందూ ఏడ్చాడు.

సుంకులమ్మను గిద్దలూరు ఆసుపత్రికి చేర్చారు. పోలీసులు వచ్చి జరిగింది రాసుకున్నారు. ఓబులేసు ఏదీ దాచలేదు. మధ్యాహ్నానికి నాగరత్నమ్మ కారులో వచ్చింది. ముందు సుంకులమ్మ దగ్గరికి వెళ్ళి చాలాసేపు కూర్చుంది. ఆమె నడిచేదాకా తోడుగా ఒక మనిషిని ఏర్పాటు చేసింది. తర్వాత వరండాలోకి వచ్చి ఓబులేసు ముందు నిలబడింది.

"చూపు బాగుందని రాసింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"పరీక్ష జరిగిందా?"

"లేదమ్మా. అన్న బాధపడతాడని..."

"ఇట్లా బాధపడతారని ఇంకా ఎవరెవరికి ఏమేం రాశావు?"

ఓబులేసు గుర్తుచేసుకోబోయాడు. గిడ్డయ్య టైరు గుర్తొచ్చింది. ఎవరివో బ్రేకులు గుర్తొచ్చాయి. సోమవారం సంతకాలు గుర్తొచ్చాయి. "నాకే తెలియదమ్మా" అన్నాడు మెల్లగా. "నన్ను పంపించేయండి."

నాగరత్నమ్మ తల అడ్డంగా ఊపింది. "నిన్ను పంపిస్తే కొత్తవాడిని పెట్టాలి. వాడికి టైరు కింద నలిగిన జెండా కనపడదు. నీకు రోజూ కనపడుతుంది. అందుకని నువ్వే ఉండు. మూడు నెలలు నీ సంతకం పక్కన నాదీ ఉంటుంది. ముందు ఇరవై రెండు లారీలనూ వెనక్కి పిలిపించు."

లారీలన్నీ షెడ్డుకు వచ్చాయి. పది రోజులు ఓబులేసు వాటి కిందే ఉన్నాడు. ఐదు లారీలకు బ్రేకు లైనింగులు అరిగిపోయి ఉన్నాయి. ఒకదాని ఫిట్‌నెస్ పత్రం గడువు దాటి నెలైంది. మూడింటికి వెనుక లైట్లు లేవు. ఇద్దరు డ్రైవర్లకు కళ్ళద్దాలు కావలసి వచ్చాయి. గిడ్డయ్య అరిగిన టైరు బండితో కలిపి మొత్తం పది లారీలు కదలకుండా నిలబడిపోయాయి. రాళ్ళ వ్యాపారుల నుంచి నాగరత్నమ్మకు ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. "వేల ఏళ్ళు నేలలో ఉన్న రాళ్ళు, ఇంకో వారం ఉండలేవా?" అని ఆమె అందరికీ ఒకే జవాబు చెప్పింది.

డ్రైవర్లకు మాత్రం ఇది నచ్చలేదు. గిడ్డయ్య అరిగిన టైరు పక్కన నిలబడి, "ఈ ఒక్క ట్రిప్పు అన్నా" అని మళ్ళీ బతిమాలాడు.

"వద్దప్పా. టైరు మారిస్తేనే గేటు తీసేది."

"ఓబులేసన్నకు గాలి సోకింది. పాత మనిషి కాడు" అని గిడ్డయ్య షెడ్డంతా చెప్పాడు. మధ్యాహ్నం ఎవరూ ఓబులేసు పక్కన కూర్చోలేదు. ఎవరి కూరా అతని పళ్ళెంలో పడలేదు. అతను ఒక్కడే పనిముట్ల పెట్టె మీద కూర్చుని పెరుగన్నం తిన్నాడు. అయినా సాయంత్రం ఆ టైరు మారేదాకా సంతకం పెట్టలేదు.

ఈలోగా హుస్సేనయ్యను కర్నూలు తీసుకెళ్ళి శుక్లాలు తీయించారు. ఒక కన్ను తర్వాత ఇంకో కన్ను. ఓబులేసు రోజూ పొద్దున్నే, సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి కంట్లో మందు చుక్కలు వేసి వచ్చేవాడు. రెండో కంటికి కట్టు విప్పిన రోజు హుస్సేనయ్య అతన్ని తేరిపార చూశాడు.

"ఏమప్పా, నీ జుట్టు ఎప్పుడు నెరిసింది? ఈ బొజ్జ ఎప్పుడు వచ్చింది?"

"ఐదేళ్ళయిందన్నా."

"అయ్యో, నేనింకా నువ్వు కుర్రవాడివే అనుకుంటూ ఉన్నా!" అన్నాడు హుస్సేనయ్య. ఇద్దరూ కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు. డాక్టరు ఇప్పుడు నవ్వొద్దన్నాడని హుస్సేనయ్య భార్య ఇద్దరినీ కసిరింది.

కొన్ని వారాలు గడిచాయి. ఒక పొద్దున హుస్సేనయ్య ఉతికిన ఖాకీ చొక్కా తొడుక్కుని షెడ్డుకు వచ్చాడు. లారీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, తలుపు మీద చెయ్యి వేశాడు. డ్రైవర్లందరూ చుట్టూ చేరారు.

"తాళం ఇయ్యి ఓబులేసూ. చీమ నడిచినా కనపడుతోంది. ఈ రోజు ఒంగోలు లోడు నాది."

"డాక్టరు కాగితం ఏదన్నా?"

"వచ్చే వారం ఇస్తానన్నాడు. కాగితం కోసం కూర్చుంటామా? నువ్వే చూస్తున్నావు కదా, బాగున్నాను."

గిడ్డయ్య రెప్ప వేయకుండా చూస్తున్నాడు. తన ప్రాణం నిలబెట్టిన మనిషి చెయ్యి చాచి అడుగుతున్నాడు. తాళం జేబులోనే ఉంది.

"కాదన్నా" అన్నాడు.

"ఏమన్నావు?"

"కాదన్నా. కాగితం వచ్చేదాకా ఇయ్యను. నువ్వు నన్ను తిట్టు, కొట్టు. తాళం మాత్రం ఇయ్యను."

హుస్సేనయ్య ముఖం ఎర్రబడింది. నలుగురి ముందు కాదనిపించుకోవడం ఆయనకు అలవాటు లేదు. గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఓబులేసు ఇంటికి వెళ్తే లోపలే ఉండి కూడా బయటికి రాలేదు. మర్నాడూ అంతే. ఓబులేసు గడప దగ్గరే నిలబడి, మందు సీసా హుస్సేనయ్య భార్య చేతికి ఇచ్చి తిరిగి వచ్చేవాడు. దారంతా దిగులుగానే ఉండేది. కానీ ఆ రోజు తాళం ఇవ్వకపోయినందుకు ఒక్కసారి కూడా బాధ కలగలేదు.

నాలుగో రోజు హుస్సేనయ్యే తలుపు తీశాడు. చేతిలో ఒక కప్పు నిండా సేమ్యా పాయసం ఉంది.

"తిను" అన్నాడు ముభావంగా. ఓబులేసు తినేదాకా ఆగి, మళ్ళీ అన్నాడు. "మూడు రోజులు నిన్ను తిట్టుకున్నా. నాలుగో రోజు ఆలోచించినా. ముప్పై ఏళ్ళలో నాతో 'కాదు' అన్నవాడు ఒక్కడూ లేడు. నా మీద అంత శ్రద్ధ పెట్టినవాడూ ఒక్కడూ లేడప్పా."

తర్వాతి వారం డాక్టరు కాగితం వచ్చింది. హుస్సేనయ్య దాన్ని తీసుకుని లారీ దగ్గర నిలబడ్డాడు. ఓబులేసు లారీ కింద దూరి, చక్రాలు, బ్రేకులు, లోడు కట్టిన తాళ్ళు అన్నీ చూశాడు. వెనుక లైటు ఒకటి వెలగడం లేదు.

"అర్ధగంట ఆగాలన్నా."

"ఎంతసేపైనా ఆగుతా" అని హుస్సేనయ్య నీడలో కూర్చుని బీడీ వెలిగించాడు. వెనుక వరసలో ఉన్న గిడ్డయ్య లారీ దిగి వచ్చాడు. కాసేపు తల గోక్కుని, "అన్నా, నా బండి బ్రేకు కొంచెం మెత్తగా పడుతున్నట్టు ఉంది. ఒకసారి చూస్తావా?" అన్నాడు. ఇంతకాలంలో ఆ షెడ్డులో ఒక డ్రైవరు తనంతట తాను తన బండి లోపం చెప్పడం అదే మొదటిసారి.

లైటు బాగయ్యాక ఓబులేసు సంతకం పెట్టాడు. దాని పక్కన నాగరత్నమ్మ కూడా పెట్టింది. గేటు తెరుచుకుంది. హుస్సేనయ్య లారీ ఎండలోకి నిదానంగా కదిలింది.

మనవాళ్ళు నొచ్చుకుంటారని మొహమాటపడితే వాళ్ళకే ముప్పు తెస్తాం. నిజంగా ప్రేమించేవాడు చెప్పవలసిన చోట, చెప్పవలసిన వేళ 'కాదు' అని చెప్పి తీరాలి.